దిగుడుబావిలో చివరి వరుస

పంతులు ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే నేను ఒక మనిషికి చదువు రాకుండా చేశాను. చదువు రాకపోవడం వేరు, రాకుండా చేయడం వేరు. కొత్తగా బడుల్లో చేరుతున్న మీలాంటి కుర్ర పంతుళ్ళు కనపడినప్పుడల్లా ఈ సంగతి చెబుదామనుకుంటాను, మొహమాటపడి ఊరుకుంటాను. ఇప్పుడు రిటైరై ఇంట్లో కూర్చున్నాను, నా మీద రిపోర్టు రాసేవాడెవడూ లేడు. అందుకని చెబుతున్నాను.

యుద్ధం రోజులు. నాకు ఇరవై రెండేళ్ళు. మాచర్లలో రైలు దిగి, ఎడ్లబండి మీద సగం పూట పోతే వచ్చే ఒక ఊరికి నన్ను వేశారు. అక్కడ పెద్దవాళ్ళకు చదువు చెప్పాలి. కాగితాల మీద దాని పేరు రాత్రి బడి. కాని కిరసనాయిలు కూపన్ల మీద కూడా సరిగ్గా దొరకని కాలం. ఇంట్లో బుడ్డికే చాలని నూనె బడికెవరిస్తారు? అందుకని మా రాత్రి బడి మిట్టమధ్యాహ్నం నడిచేది. పైవాళ్ళకు రాసే ఉత్తరాల్లో మాత్రం రాత్రి బడి అనే రాసేవాణ్ణి. ఎవరూ ఏమీ అనలేదు.

మధ్యాహ్నం కుదరడానికి ఇంకో కారణం ఉంది. ఊరి చుట్టూ నాపరాతి గనులు. రాళ్ళు కొట్టేవాళ్ళు తెల్లారకముందే గనుల్లోకి దిగేవాళ్ళు. పల్నాటి ఎండకు రాయి పెనంలా కాలే వేళకు సుత్తులు అక్కడే పడేసి పైకి వచ్చేసేవాళ్ళు. మళ్ళీ పొద్దు వాలితేనే పని. ఆ నడిమి మూడు గంటలు ఊరికి ఊరే ఖాళీ. చావడిలో నాపరాళ్ళు పరిచిన నేల చల్లగా ఉండేది. వాళ్ళు ఎలాగూ అక్కడ నడుం వాల్చడానికి వస్తారు, నేను పలకలు పంచేవాణ్ణి.

ఆ మధ్యాహ్నాలు తలచుకుంటే నాకిప్పటికీ నిజంగా జరిగాయా అనిపిస్తుంది. బయట తెల్లటి ఎండ, గాలిలో రాతిపొడి. లోపల పాతిక ముప్పై మంది ముసలీ ముతకా, సగం నిద్ర, సగం చదువు. ఒక అవ్వ ఉండేది, గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునే అక్షరాలు వల్లించేది. గురక వస్తుందనుకునే లోపు గుణింతం వచ్చేది. అందరి గొంతులూ కలిసి తేనెపట్టు దగ్గర నిలబడ్డట్టుండేది. నేను కూడా స్తంభానికి ఆనుకుని, కళ్ళు తెరిచి కలలు కనేవాణ్ణి.

బడి పెట్టిన మూడో రోజున ఆయన వచ్చాడు. అరవై దాటిన మనిషి. కనుబొమల మీద కూడా రాతిపొడి. ముస్లిం కుటుంబం, తరతరాలుగా రాతి పనే. ఊళ్ళో హద్దురాళ్ళ మీద, గుడి మెట్ల మీద, సమాధుల మీద ఏ అక్షరం చెక్కాలన్నా ఆయనే. అందరికీ ఆయన రాళ్ళ తాత, నాకూ అంతే. నన్ను ఆశ్చర్యపరిచింది ఏమిటంటే, ఆయనకు ఒక్క అక్షరం రాదు. చదువొచ్చిన వాళ్ళెవరో రాయి మీద జాజుతో, అదే ఎర్రమట్టితో, రాసి ఇస్తారు. ఆ గీత మీద ఉలి నడిపిస్తాడు. నలభై ఏళ్ళుగా అంతే.

"ఏందయ్యా పంతులూ, ముసలోణ్ణి చేర్చుకుంటావా?" అన్నాడు.

"నీకోసమే పెట్టారు తాతా ఈ బడి. ఏం చదవాలని ఉంది?"

"చానా అక్కర్లేదు. ఒక్క పేరు చదివితే చాలు. మా నాయన పేరు. దిగుడుబాయిలో రాయి మీద అడుగు వరస అదే. నా చేత్తో నేనే చెక్కా. నా కళ్ళతో ఒకసారి చదువుకోవాల."

అవ్వ గుణింతం ఆగిపోయింది. చావడిలో అందరూ ఒకేసారి తమ తమ పలకల్లోకి చూసుకున్నారు. నాకు అర్థం కాలేదు.

ఆ సాయంత్రం బావికి వెళ్ళాను. ఊరి పడమట, బండను తొలిచి కట్టిన దిగుడుబావి. ముప్పై ఆరు మెట్లు. ఎంత ఎండలోనైనా అడుగున ఆకుపచ్చటి నీళ్ళు. నీళ్ళ మీద పడిన వెలుగు గోడల మీద కదులుతూ ఉంటుంది. పది మెట్లు దిగాక గోడలో పొదిగిన రాయి ఉంది. బావి తవ్వించిన ఆసామి పేరు, ఆయన తల్లిదండ్రుల పేర్లు, సంవత్సరం. కింద కాస్త ఎడంగా చివరి వరుస. అన్నిటికంటే లోతుగా, అన్నిటికంటే ముచ్చటగా చెక్కిన వరుస. దాని మీద ఎండిపోయిన గంధం. ఏటా పీర్ల పండగ నాడు తాత ఆ వరుసను కడిగి, గంధం పూసి, మల్లెపూలు పెడతాడట.

ఆ వరుసలో ఉన్నది ఇది: చెప్పులతో దిగరాదు.

నేను కరణం గారింట్లో ఒక గదిలో ఉండేవాణ్ణి. అన్నం కూడా అక్కడే. ఆయన డెబ్భై ఏళ్ళవాడు, మాట మెత్తన. ఆ సాయంత్రం మజ్జిగ ఇచ్చి, తానే మొదలుపెట్టాడు.

"చూశావా అబ్బాయీ రాయి?"

"చూశానండి."

"జాజుతో రాసింది నేనే. అప్పుడు నాకు ముప్పై ఏళ్ళు. వాడి తండ్రి ఆ బావి తవ్వుతూ బండ జారి పోయాడు. రాయి మీద ఆ పేరు కూడా వేద్దామని నేనే వాడికి మాటిచ్చా. ఆసామి ఒప్పుకోలా. కూలోడి పేరు నా పేరు కిందేంది అన్నాడు. నేను ఎదురు చెప్పలేకపోయా. చెక్కడానికి రాయి తీసుకుపోయే రోజున వాడు వచ్చి, మా నాయన పేరు ఎక్కడుందయ్యా అని అడిగాడు. తండ్రిని పూడ్చి నెల కాలేదు. నా వేలు దానంతటదే పోయి అడుగు వరస మీద ఆగింది."

ఆ తరువాత సంగతి ఊరందరిదీ. ఊళ్ళో బడికి పోయి అక్షరాలు నేర్చిన ప్రతి పిల్లా పిల్లవాడూ ఏదో ఒక రోజు బావిలోకి దిగి ఆ రాయి చదివి, ఇంటికి పరిగెత్తుకొచ్చి చెప్పేవాళ్ళట. ఇంట్లోవాళ్ళు ఆ పిల్లల నోరు మూసి, "తాత దగ్గర అనమాక" అని ఒట్టు వేయించుకునేవాళ్ళు. ఆ ఊళ్ళో చదువు రావడమంటే ఆ ఒట్టు వేయడం కూడా. నలభై ఏళ్ళు ఒక్కరు కూడా నోరు జారలేదు. అంత ప్రేమ ఆయన మీద. ప్రేమో, తేలు కుట్టిన దొంగ మౌనమో, రెండూ కలిసే ఉంటాయి.

"అందరికీ చెప్పు, వాడికి మాత్రం చెప్పమాక," అన్నాడు కరణం గారు. "వాడు ఆ వరస చూసుకునే బతుకుతున్నాడు. ఇంకెన్నాళ్ళుంటాడు? పోనీ."

నేను ఒప్పుకున్నాను. ఆయన ఉప్పు తింటున్నానన్న మొహమాటం కొంత, నిజంగా జాలి కొంత. ఇరవై రెండేళ్ళవాడికి జాలి అంటే గొప్ప పని చేస్తున్నట్టుంటుంది.

మరి వచ్చి కూర్చున్న మనిషికి చదువు రాకుండా చేయడం ఎలా? నాకు తట్టిన ఉపాయం ఒక్కటే. అ ఆల దగ్గర ఆపేశాను. రోజూ పలక చూసి, "ఇంకా గుండ్రం రాలేదు తాతా, మళ్ళీ దిద్దు" అనేవాణ్ణి. ఎవరితో అంటున్నాను? నలభై ఏళ్ళు రాతి మీద సున్న చుట్టిన చేతితో. ఆయన అకారం పక్కన నా అకారం పెడితే నాదే చూడ్డానికి సిగ్గుగా ఉండేది. అయినా తడిగుడ్డతో తుడిచేసి, మళ్ళీ అనేవాణ్ణి.

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. విసుగొచ్చి మానేస్తాడనుకున్నాను. రెండూ జరగలేదు. ఒకనాడు అవ్వతో అంటుంటే విన్నాను.

"ఈ పంతులు కుర్రోడే గాని పనోడు. నేను ఉలి పట్టినప్పుడు మా నాయన కూడా ఇట్టాగే, ఏడాది పాటు గీత తప్ప ఇంకోటి కొట్టనియ్యలా. గీత తిన్నగా రానోడికి అచ్చరం ఇయ్యగూడదు అనేవోడు. చదువుక్కూడా అదే పద్ధతి కావాల."

నా మోసాన్ని ఆయన తన తండ్రి నేర్పిన పద్ధతి అనుకున్నాడు. అది నా చెవులారా విన్నాను. కాని మర్నాడు మళ్ళీ "గుండ్రం రాలేదు" అనే అన్నాను. అలవాటైన అబద్ధం ఆపడం, కదిలే బండిలోంచి దిగడం లాంటిది, ఎప్పుడు దూకాలో తెలియదు.

మిగిలినవాళ్ళు గుణింతాలు దాటారు, చిన్న చిన్న మాటలు చదువుతున్నారు. తాత ఎవరినైనా "ఇదేం అచ్చరమే?" అని అడిగితే, అవ్వతో సహా అందరూ పలక ఒళ్ళో దాచుకుని, "మాకూ సరిగా రాదులే" అనేవాళ్ళు. ఆయన నవ్వి తన పలక మీదికి వంగేవాడు. ఎండాకాలం అలా గడిచిపోయింది. ఆ నిద్రమత్తులో, ఆ గొణుగుడులో ఆయన వేలు అకారం మీద తిరుగుతూనే ఉండేది. నాలుగు నెలలు.

తొలకరి పడ్డాక పై ఆఫీసు నుంచి సూపర్వైజరు వచ్చాడు. స్టేషను నుంచి సైకిలు మీద, బురదలో, చికాకుగా వచ్చాడు. రాగానే రిజిస్టరు తెరిచి, అందరికంటే పెద్దవాడెవడని చూసి, తాతను లేపాడు. మొదటి పాఠం పుస్తకం చేతికిచ్చి చదవమన్నాడు.

తాత పుస్తకాన్ని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ తల ఎత్తలేదు.

"ఎన్నాళ్ళ నుంచి వస్తున్నాడు?" అని నన్నడిగాడు సూపర్వైజరు.

"నాలుగు నెలలండి."

"నాలుగు నెలలకు ఒక్క ముక్క రాలేదా? ఈ వయసులో బుర్ర మొద్దుబారిపోతుందయ్యా. వీళ్ళ మీద సుద్ద కూడా దండగ. పేరు కొట్టెయ్యి."

నేనేదో చెప్పబోయాను. ఆ లోపు తాతే చేతులు జోడించాడు.

"పంతుల్నేం అనమాకండి బాబూ. ఆయన రోజూ చెప్తానే ఉండాడు. నా బుర్రే రాయి."

ఆ మాట అని, పలక నా బల్ల మీద బోర్లా పెట్టి, చావడి మెట్లు దిగి ఎండలోకి వెళ్ళిపోయాడు. నేను సూపర్వైజరు చూస్తుండగానే రిజిస్టరులో ఆ పేరు మీద గీత కొట్టాను. నా ఉద్యోగ జీవితంలో నేను గీసిన గీతలన్నిటిలో అదొక్కటే నాకు స్పష్టంగా గుర్తుంది. సిరా కొంచెం ఒలికింది కూడా.

మర్నాడు తెల్లవారుజామున గని దగ్గరికి పోయాను. తాత ఒక బండ మీద కూర్చుని ఉలికి పదును పెడుతున్నాడు. "తాతా, నీ బుర్ర రాయి కాదు," అన్నాను. "నేను నేర్పలేదు. కావాలనే నేర్పలేదు. ఎందుకని ఇప్పుడడగొద్దు. ఇవాళ మొదలుపెడదాం."

ఆయన ఉలి పక్కన పెట్టాడు. అడగలేదు. నేను తెచ్చిన పలక తీసుకున్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, ఆ మనిషి దగ్గర ఏముందో. అక్షరాలన్నీ ఆయనకు ఎప్పటి నుంచో తెలుసు. చేతికి తెలుసు. ఒక్కో అక్షరానికి ఆయన సొంతంగా ఒక పేరు పెట్టుకున్నాడు. గ అంటే గుర్రపు లాడం. సున్న అంటే గాజు. ర అంటే మూత పెట్టిన చెంబు. నేను చేయవలసిందల్లా ఏ ఆకారం ఏ చప్పుడు చేస్తుందో చెప్పడమే. లాడం "గ" అంటుంది. చెంబు "ర" అంటుంది. ఒక్కోటి చెబుతుంటే ఆయన ముఖం విప్పారేది, ఎన్నో ఏళ్ళుగా ఎదురింట్లో ఉన్న మూగవాడు ఒక్కసారిగా పేరు పెట్టి పిలిచినట్టు. నవ్వేవాడు. నవ్వుతూనే ఏడ్చేవాడు. పద్దెనిమిది రోజులు పట్టింది. నాలుగు నెలలు కాదు, పద్దెనిమిది రోజులు.

పంతొమ్మిదో రోజున, ఇక బావికి పోదామన్నాడు. నేను పరిగెత్తుకుంటూ పోయి కరణం గారికి చెప్పాను. ఆయన మారు మాట్లాడకుండా కండువా వేసుకున్నాడు. చేతికర్ర తీసుకున్నాడు.

మేము ముగ్గురం పోయేసరికి బావి చుట్టూ జనం. నీళ్ళకొచ్చినట్టు బిందెలు పట్టుకుని, ఎవరి పని వాళ్ళు చూసుకుంటున్నట్టు నిలబడ్డారు. ఒక్క బిందె కూడా మునగడం లేదు. తాత పై మెట్టు దగ్గర ఎప్పటిలాగే చెప్పులు విడిచి, వెనక వస్తున్న ఒకాయనతో, "చెప్పులిప్పరా, ఆడ మా నాయన పేరుంది" అన్నాడు. నలభై ఏళ్ళుగా అందరికీ ఆయన చెప్పే మాటే.

రాయి ముందు చతికిలబడ్డాడు. పై నుంచి చదువుకుంటూ వచ్చాడు, వేలు పెట్టి, కూడబలుక్కుంటూ. ఆసామి పేరు. ఆయన తల్లిదండ్రుల పేర్లు. చివరి వరుస దగ్గర వేలు ఆగింది. నీళ్ళ మీది వెలుగు ఆయన ముఖం మీద కదులుతోంది. చదివాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మూడోసారి పైకే అన్నాడు, "చెప్పులతో దిగరాదు."



"కరణం గారూ, ఇందులో మా నాయన ఏడి?"

"లేడురా," అన్నాడు కరణం గారు. చేతికర్ర పక్కన పెట్టి అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు. "ఆసామి వద్దన్నాడు. నీకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. తప్పు నాదే."

తాత తలూపాడు. తరువాత ఆయన చూసింది కరణం గారి వంక కాదు, నా వంక.

"ఆయనంటే ఒక్క మాట అబద్ధం చెప్పాడు. నా ఏడుపు చూళ్ళేక చెప్పాడు. నువ్వు నాలుగు నెల్లు రోజూ నా పలక తుడిశావు. నేను మొద్దునని నా మడుసులందరికీ చెప్పుకున్నా పంతులూ. నిజమనే నమ్మా."

జాలిపడ్డానని చెప్పుకోవచ్చు. కాని ఆ జాలికి ఖరీదు చెల్లించింది ఆయన.

మూడు రోజులు ఆయన గనికి రాలేదు. చావడిలో బడి జరిగింది గాని ఎవరూ వల్లించలేదు. అవ్వ కళ్ళు తెరుచుకునే కూర్చుంది. నాలుగో రోజు పొద్దున బావి వైపు నుంచి ఉలి చప్పుడు వినపడింది. ఆ వరుసను చెరిపేస్తున్నాడనుకుని పరిగెత్తాను. ఎవరికీ ఆపే హక్కు లేని పని అనుకుంటూనే పరిగెత్తాను.

చెరపడం లేదు. చివరి వరుస కింద మిగిలిన జాగాలో జాజుతో ఒక పేరు రాసుకున్నాడు. మొట్టమొదటిసారి ఆయన రాత మీద ఆయన ఉలి. మిగిలిన వరుసలన్నీ కరణం గారి దస్తూరీ, తీర్చినట్టుంటాయి. ఇది కొంచెం మిట్టపల్లాలుగా ఉంది. ఆసామి వారసులు ఏమంటారో అని నాకు భయం వేసింది గాని, బావి గట్టు మీద ఊరంతా నిలబడి ఉంది, ఈసారి బిందెలు లేకుండా.

"ఆ పై వరస తీసేస్తావనుకున్నా తాతా."

"ఎందుకు తియ్యాల? చానా బాగా చెక్కా దాన్ని. అయినా తప్పేం రాసుంది? చెప్పులతో దిగొద్దనేగా. నేనూ అదే చెప్తన్నాగా అందరికీ." కాస్సేపు ఉలి కొట్టి, ఆగి, నా వైపు తిరిగాడు. "ఇట్రా. పట్టు."

ఉలి నా చేతిలో పెట్టాడు. పేరు కింద ఒక గీత కొట్టమన్నాడు. నాలుగు దెబ్బలకే ఉలి జారి బొటనవేలు చితికింది. ఆయన నా చేయి తిప్పి చూశాడు.

"నాకెప్పటికి వస్తుంది?" అని అడిగాను, ఏదో అనాలని.

"నీకా? నీ చెయ్యి మెత్తన. ఏడాది పడద్ది, అదీ గీత మటుకే. అచ్చరం దాకా రావు." మొహమాటం లేకుండా చెప్పాడు. తరువాత, "రేపు పొద్దున్నే రా," అన్నాడు.

పోయాను. బదిలీ వచ్చేదాకా, పది నెలలు, తెల్లారకముందు గనికి పోయేవాణ్ణి. మసక వెలుతురులో రాతి మీద గీతలు కొట్టుకుంటూ కూర్చుంటే, నిద్ర ఇంకా పూర్తిగా వదలని ఆ వేళ, ఎవరు పంతులో ఎవరు శిష్యుడో తెలిసేది కాదు. ఆయన ఏనాడూ నా గీత బాగుందని అనలేదు, బాగా లేనిది బాగా లేదనే అన్నాడు. అంతకంటే మర్యాదగా నన్ను ఇంకెవరూ చూడలేదు. ఆ తరువాత నా ముందు కూర్చున్న ఏ ముసలివాళ్ళకీ నేను ఒక్క అక్షరం కూడా దాచలేదు. వాళ్ళు ఏం చదవబోతున్నారో, చదివి ఏమైపోతారో తూచడం నా పని కాదని తెలుసుకున్నాను.

ఆఫీసు రిజిస్టరులో మాత్రం ఆయన ఇప్పటికీ చదువు రానివాడే. కొట్టేసిన పేరును మళ్ళీ ఎక్కించే కాలమ్ అందులో లేదు.

ఆ తండ్రి పేరేమిటని మీరు అడుగుతారు. నేను రాయను. రాయి ఇంకా అక్కడే ఉంది, మీకు చదువొచ్చు. పేరు కింద కొంచెం వంకరగా ఒక గీత కనపడుతుంది, అది నాది. వెళ్ళినప్పుడు పై మెట్టు దగ్గరే చెప్పులు విడిచి దిగండి.